పెరటి గుంటలో మెట్ట తాబేలు

మొన్న మా మనవరాలు తుమకూరులో కట్టుకున్న కొత్త ఇంటి పెరట్లో చిన్న గుంట తవ్వించి, అడుగున నీలం రంగు పెంకులు కూడా పరిపించి, ఇక అందులోకి ఏ ప్రాణిని తేవాలో తేల్చుకోలేక నాకు ఫోను చేసింది. రంగు చేపలా, బాతులా, తాబేలా, ఏది తెస్తే పిల్లలకు సరదా, ఏది ఎక్కువ కాలం బతుకుతుంది అని ఆ పిల్ల ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ బేరీజులన్నీ నేను ఎనిమిదేళ్ల వయసులోనే వేసి వేసి అలసిపోయినదాన్ని. ఏదైనా తెచ్చుకో తల్లీ, తాబేలు మాత్రం వద్దు అన్నాను. ఎందుకవ్వా అని అడిగితే కంటి మందు వేసుకునే వేళయిందని చెప్పి పెట్టేశాను. కంటి మందు రాత్రికి గానీ లేదు. అబద్ధమాడే అలవాటు నాకు చిన్నప్పుడే పట్టింది, ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాంటి ఒక అబద్ధం గురించే.

నా ఈడు వాళ్లు ఎంతమంది మిగిలి ఉన్నారో తెలియదు గానీ, మిగిలిన వాళ్లకైనా ఆ కాలం జ్ఞాపకముంటుంది. మైసూరు మహారాజుగారి కాలమది. మా పావగడ తాలూకా ఆయన రాజ్యంలోదే, కానీ చుట్టూ దాదాపు అన్ని వైపులా ఇంగ్లీషువాళ్ల మద్రాసు సీమే ఉండేది, అందుకని మహారాజుగారి రాజ్యంలో ఒక చోటినుంచి ఇంకో చోటికి పోవాలన్నా నడుమ పరాయి సీమలో ఇంత దూరం నడిచి పోవలసి వచ్చేది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, గోడమీద మహారాజుగారి పటం. మా నాయన ఆ ప్రభుత్వంలోనే బడిపంతులు, ఆయన్ను పడమటి కొండల్లోని మలెనాటికి బదిలీ చేస్తే మమ్మల్నీ తీసుకుపోయాడు, అక్కడి వానలకూ చలిజ్వరానికీ మా అమ్మ రెండో ఏడు దాటలేదు. నాకూ ఆ జ్వరమే తగులుతుందని భయపడి, మెట్టసీమ గాలి మంచిదని, నన్ను తీసుకొచ్చి మంగళవాడ పక్క ఊళ్లో ఉన్న తన అక్క దగ్గర వదిలిపెట్టాడు.

ఆమె నాకు మేనత్త. పదిహేనేళ్లు నిండకముందే భర్త పోయాడు, పిల్లలు లేరు, అత్తగారు కూడా పోయాక ఊరి చివరి ఆ మట్టిమిద్దెలో ఒక్కతే ఉండేది. అప్పటికామెకు నలభై దాటి ఉండవు, నా కంటికి మాత్రం పండు ముసలిదానిలా కనిపించేది. మనిషి చెడ్డది కాదు, మాటే లేదు. పొద్దున లేస్తే సంగటి గెలకడం, చేనికి పోవడం, వచ్చి పెరట్లో చెట్లకు నీళ్లు పోసుకోవడం, ఇంతే. నా తలకు నూనె పెట్టేటప్పుడు కూడా గోడకు పూసినట్టు పెట్టేసి పోయేది. అమ్మ పోయిన పిల్లతో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు, మాట్లాడని మనిషి దగ్గర ఎలా ఉండాలో నాకు తెలియదు, ఆ ఇంట్లో ఇద్దరం రెండు గదుల్లో కట్టేసిన గేదెల్లా ఉండేవాళ్లం. చేరిన మొదటి నెల నేను ఏడవని రోజు లేదు, ఏడుస్తున్నానని ఆమె అడిగిన రోజూ లేదు.

ఆ ఇంటికి ఉన్న ఒక్క వైభవం పెరడు. అక్కడ సొంత బావి ఉండేది, తెల్లవారుజామున ఎద్దులతో కపిల తోలితే వచ్చిన నీళ్లు పక్కనున్న గుంటలో నిలిచేవి, దాంట్లోంచి ముంచి అరటికీ, నిమ్మకూ, కనకాంబరాలకూ రోజంతా పోసుకునేది. గుంట అంటే మడుగు లాంటిది కాదు. నాలుగు వైపులా నిలువు రాతిబండలు పాతి కట్టినది, నిండితే నా నడుము దాకా నీళ్లు. నాయన నన్ను వదిలిపెట్టి వెళ్లే రోజు నేను ఆయన పంచె పట్టుకుని వదలకపోతే, ఆ గుంట దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టి, దీంట్లో పెంచుకోవడానికి నీకే ప్రాణి కావాలో బాగా ఆలోచించి రాయి, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకొస్తా అన్నాడు. ఏడుస్తున్న పిల్ల చేయి విడిపించుకోవడానికి ఆ పూటకు తోచిన మాట అది. నాకు మాత్రం అదొక్కటే పనైపోయింది.

మొదట బాతులు కావాలని రాశాను. కార్డు వేసి వచ్చి అత్తకు చెబితే, బాతులు గుంటంతా రొచ్చు చేస్తాయి, ఆ వాసనకు నక్కలు పెరట్లోకొస్తాయి అంది. అది నిజమేననిపించి చేపలని ఇంకో కార్డు రాశాను. ఎండాకాలంలో గుంట ఎండితే చేపల్ని ఎక్కడ పెడతావని అడిగింది. నెమలి అన్నాను. నెమళ్లు పిలవకుండానే కొర్రచేలో పడి తింటున్నాయి, వాటిని మళ్లీ ఇంటికి పిలిచి పీట వేయాలా అంది. ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు, అందుకోసమైనా రోజుకో జంతువును కోరుకునేదాన్నేమో. ఒకరోజు చేనిపక్కన జింకల మంద గెంతులేస్తూ పోతుంటే చూసి జింకపిల్ల కావాలన్నాను, దానికామె నా వైపు ఒక చూపు చూసి చాట తీసుకుని లేచిపోయింది. చివరికి విసిగి ఒక కట్టడి పెట్టింది. ఏది తెచ్చినా అది గుంటలో బతికేదై ఉండాలి, గట్టెక్కి వచ్చి చెట్లు తినేదైతే ఆ పూటే అవతల వదిలిపెట్టేస్తాను అని. ఎండలో మోసి పోసుకున్న నీళ్లతో పెంచిన చెట్లు మరి.

నాయన దగ్గరినుంచి ప్రతి కార్డుకూ అలాగే తెస్తానని జవాబు వచ్చేది. ఆయన మాత్రం రాలేదు. దసరా సెలవులకు రాలేదు, ఉగాదికి రాలేదు. మేము తేకుండా గుంటలోకి వచ్చినవి తూనీగలు, తొలివానకు కప్పలు. బళ్లో తక్కిన పిల్లలు నా మలెనాటి కన్నడం విని వెక్కిరించేవాళ్లు కాబట్టి బడి వదలగానే పరుగున వచ్చి పెరటి గోడ దగ్గర నిలబడి బండిబాట వైపు చూస్తుండేదాన్ని. నాయన వస్తే ఆ బాటనే రావాలి.

ఆ బాటన రోజూ సాయంత్రం ఒక ముసలి గొర్రెల కాపరి మందను తోలుకుని మా బావి కాలువలో నీళ్లు తాగించడానికి వచ్చేవాడు. దినామూ ఇక్కడే నిలబడతావేమని ఒకరోజు అడిగితే ఆయనకు అంతా చెప్పాను, నాయన సంగతీ, గుంట సంగతీ, బాతులూ చేపలూ అన్నీ. పది రోజుల తరువాత ఆయన కంబళిలో ఏదో మూటగట్టి తెచ్చి గోడమీద పెట్టాడు. విప్పితే తాబేలు. నల్లటి డిప్పమీద పసుపు గీతలు, ప్రతి గడిలోనూ ఒక చుక్క నుంచి అన్ని వైపులకూ పిండితో ముగ్గు గీసినట్టు. అంత అందమైన వస్తువును నేను అంతవరకు నా చేతిలో పట్టుకోలేదు. మెడ కొంచెం బయటికి చాచి నా వైపు చూసింది, అంతే, నాకు లోకమంతా వెలుగొచ్చింది.

"ఇది మెట్ట తాంబేలు పాపా," అన్నాడు తాత. "గుట్టల్లో కంపల్లో తిరిగేది. నీళ్లల్లో మాత్రం యెయ్యద్దు, మునిగి సచ్చిపోతాది."

నేను నమ్మలేదు. తాబేలు నీళ్లలో మునిగి చావడమేమిటి, చేప మునిగి చచ్చిందన్నట్టు? ఆ వైపు ఎవరు బావి తవ్వినా, నీళ్లు పడగానే ఎక్కడినుంచో ఒక తాబేలును తెచ్చి అందులో వదిలేవాళ్లు, అది పాచీ పురుగూ తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతుందని. మా బావిలోనూ ఒకటి ఉండేది, దాని వీపు అప్పుడప్పుడు కనిపించేది. తాతకు వయసు మీదపడి ఏదో చెబుతున్నాడనుకున్నాను. అయినా మనసులో ఎక్కడో కొంచెం భయం వేసింది, నిజమే అయితే? నిజమే అయితే అత్త పెట్టిన కట్టడి ప్రకారం ఇది ఇంట్లో ఉండటానికి లేదు. అందుకే ఆమె ఇది యాడిదని అడిగినప్పుడు తాత మాట మింగేసి, గుంటలో ఉండేదే, ఇంకా చిన్నది కదా, కొన్నాళ్లు గట్టుమీద అలవాటు పడ్డాక గుంటలో వేయాలంట అని చెప్పాను. తడబడకుండా చెప్పాను. అత్త నమ్మింది.

ఆ తరువాతి మూడు నెలలు నా జీవితంలో చాలా మంచి రోజులు. దాన్ని పగలు నిమ్మచెట్టు కింద బుట్ట బోర్లించి ఉంచేదాన్ని, బడినుంచి రాగానే తీసి గరికా, గుమ్మడిపూలూ, కంపచెట్ల ఎర్ర పళ్లూ పెట్టేదాన్ని. ఆ పళ్లు తింటే దాని మూతి అంతా తాంబూలం వేసుకున్నట్టు ఎర్రబడేది. దానికి నా మలెనాటి కన్నడంలోనే కబుర్లు చెప్పేదాన్ని, అది వెక్కిరించదు కదా. అమ్మ ఎలా ఉండేదో, జ్వరంలో ఏమేం అనేదో అదంతా దానికొక్కదానికే చెప్పాను. చిత్రమేమంటే మా అత్త కూడా దాని వెంట పడింది. నేను చూడటం లేదనుకుని దాని ముందు కూర్చుని తిన్నావా అని అడగడం ఒకరోజు నా చెవిన పడింది. ఆ తరువాత మేమిద్దరం దాని మీద పెట్టి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. చీకటి పడుతోంది, ఇంట్లోకి రమ్మని దానికి చెప్పు అనేది అత్త నన్ను పిలవడానికి. ఆకలేస్తోందంట అనేదాన్ని నేను, నాకు ఆకలేసినప్పుడు. ఆమె నవ్వు దాచుకోవడానికి పైట మూతికి అడ్డం పెట్టుకునేది. ఒక రాత్రి నిద్రలో నేను అమ్మను పిలిచానట, పొద్దున లేచి చూస్తే ఆమె తన చాప తెచ్చి నా చాప పక్కన పరుచుకుని ఉంది.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెట్లు తిన్నా ఇక దాన్ని పంపదని నాకు తెలుసు, కనకాంబరం చిగుళ్లు రెండుసార్లు కొరికితే చూసీ చూడనట్టు ఊరుకుంది. కానీ పిల్లలకు అబద్ధం ఒకసారి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే దాన్ని లేపాలనే తోచదు. పైగా నేను ఇంకొంచెం ముందుకు పోయి, దీన్ని గుంటలో ఎప్పుడు వేద్దామత్తా అని అప్పుడప్పుడు అడుగుతుండేదాన్ని కూడా, నా మాట నిజమని తనకు అనిపించాలి కదా. వద్దులే, నువ్వు వంగి చూస్తూ గుంటలో పడతావు, ఇంకా కొన్నాళ్లు పోనీ అనేది ఆమె.

ఎండలు ముదిరినాయి. అది చాలా ఎండల ఏడు, మధ్యాహ్నం పెరట్లో కాలు పెడితే కాలిపోయేది. నాలుగైదు రోజులుగా తాబేలు తిండి తగ్గించి, కాళ్లూ తలా లోపలికి లాక్కుని పడి ఉంటోంది. దానికి వేసవిలో అలా పడి ఉండటం మామూలేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు తెలియదు. దానికేమో అయిందని ఆ రోజు నేను కళ్లు తుడుచుకుంటూనే బడికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి అత్త వాకిట్లోనే నా కోసం నిలబడి ఉంది. ఎప్పుడూ అలా నిలబడే మనిషి కాదు. ముఖంలో నవ్వు, దాచుకోని నవ్వు, అలాంటిది నేను ఆ ఇంట్లో చూడటం అదే మొదలు.

"పోయి సూడు పాపా, నీ తాంబేలు యాడ ఉండాదో," అంది. "నీళ్లు లేక దగ అయిండాది దానికి. నేనే సల్లగా గుంటలో యేసినా."

నేను పెరట్లోకి పరిగెత్తాను. నీళ్లు తేటగా ఉన్నాయి. అది గుంట అడుగున, ఒక మూల, బండకు ముందుకాళ్లు ఆనించి, మెడ పూర్తిగా చాచి ఉంది. ఎక్కాలని ఎంతసేపు ఆ నిలువు బండను గోకిందో. అత్త నా వెనకే వచ్చి చూసి, ఎంత బాగా మెడ చాచిందో చూడు అంది, ఇంకా సంతోషంగానే. నేను బడి బట్టలతోనే గుంటలోకి దూకి దాన్ని పైకి తీసి గట్టుమీద పెట్టేవరకు ఆమెకు అర్థం కాలేదు. తలకిందులుగా పట్టుకుంటే నోట్లోంచి నీళ్లు కారాయి.

తాత మాట నాకు ఆ క్షణంలో అక్షరం అక్షరం గుర్తొచ్చింది. దాన్ని చంపింది నేనని నాకు తెలుసు. తెలిసి, తలెత్తి ఆమె ముఖం చూసి అన్నాను, "నువ్వే సంపినావు. నీ దగ్గర ఏదీ బతకదు."

ఈ మాట ఎక్కడ తగులుతుందో తొమ్మిదేళ్ల దానికి తెలియదంటారా? నాకు తెలుసు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఆమె ఎదురొస్తే తప్పుకోవడం, మొగుణ్ణి మింగింది అని వెనక గుసగుసలాడటం నేను విన్నాను. వినే, ఏరి ఆ మాటే విసిరాను. ఆమె తాబేలును తన కొంగులో చుట్టుకుని, నిమ్మచెట్టు కింద తవ్వి పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి పొయ్యి వెలిగించింది. ఆ రాత్రి ఆమె చాప మళ్లీ అవతలి గదిలో ఉంది.

ఆ నెల తిరగకుండానే నాయన వచ్చాడు. చేతిలో ఏ జంతువూ లేదు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, మలెనాటినుంచి బదిలీ అయింది, నన్ను తీసుకుపోతానన్నాడు. యుద్ధం రోజులు, పెట్రోలు లేక వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని నడిచే బస్సులు, వై.ఎన్.హొసకోటలో అలాంటి బస్సెక్కాం. బయలుదేరే ముందు అత్త నా జడ వేసింది. ఎప్పటికంటే చాలా సేపు వేసింది. పోయొస్తానత్తా అని చెప్పానో లేదో గుర్తులేదు, బండి కదిలాక వెనక్కి తిరిగి చూడలేదని మాత్రం గుర్తుంది.

మళ్లీ నేను ఆ ఇంటికి పోయింది నా పెళ్లయ్యాక, స్వరాజ్యం వచ్చిన ఏడు, కొత్త దంపతులం పెద్దలందరికీ దండాలు పెట్టి రావాలని తిరుగుతూ. ఆమె నడుము వంగిపోయింది. నన్ను చూసి ముఖమంతా విప్పారింది, మా ఆయనకు మజ్జిగ ఇచ్చి, నన్ను చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. చూద్దును కదా, గుంటకు ఒక వైపు నిలువు బండ లేదు. దాన్ని పెళ్లగించి, ఆ చోట చిన్న చిన్న రాళ్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, గట్టునుంచి నీళ్ల అడుగుదాకా ఏటవాలుగా బాట కట్టి ఉంది. ఎవరు కట్టారని అడిగితే తనేనంది. నేను పోయిన వేసవిలోనే మొదలుపెట్టి, చేనినుంచి వచ్చేటప్పుడు రోజూ ఒడిలో నాలుగు రాళ్లు తెచ్చుకుని, రెండేళ్లు కట్టిందట.

"ఆ దినం ఇట్ల ఉండింటే అది ఎక్కి వచ్చుండును," అంది. "నాకు తెలీలేదు పాపా. తెలుసుంటే యేస్తానా?"

ఇన్నేళ్లు ఆమె దాన్ని మోసింది. అత్తా, నాకు తెలుసు, తాత చెప్పినాడు, నేనే నీకు చెప్పలేదు, ఇంతే నేను అనవలసింది. నాలుగు మాటలు. నోటిదాకా వచ్చాయి. ఇంతలో మా ఆయన బండి కట్టారని పిలిచాడు, కొత్త పెళ్లికూతుర్ని, ఆయన ముందు నా చిన్నప్పటి అబద్ధం బయటపెట్టడానికి సిగ్గేసింది. ఇంకోసారి వచ్చినప్పుడు నిదానంగా చెబుదామనుకున్నాను. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాను, ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపే పెట్టాను, ఆమె దీర్ఘసుమంగళీభవ అని దీవించింది. మరుసటి ఏడు పోయిందని కార్డు వచ్చింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, బావిలో నీళ్లు పోయి ఎన్నో ఏళ్లయింది, గుంట పూడ్చి ఎవరో శెనక్కాయ వేశారని విన్నాను, అవతల వల్లూరు వైపు శెనక్కాయ కూడా పోయి ఎండను పట్టుకునే అద్దాలే పరిచారట. మెట్ట తాబేలును ఇంట్లో పెట్టుకుంటే ఇప్పుడు అడవి ఆఫీసరు పట్టుకుపోతాడట, మంచిదే. మారినవాటిలో చాలావాటికి నాకు దిగులు లేదు. ఒక్కటి చూస్తే మాత్రం అసూయగా ఉంటుంది. ఈ కాలం పిల్లలు దారిలో భుజం తగిలినా, గిన్నె జారినా, సారీ అని ఒక్క మాట అనేసి అవతలికి పోతారు, పెద్దవాళ్లకూ అంటారు, పెద్దవాళ్లు కూడా వాళ్లకంటారు. మా కాలంలో అలాంటి మాట లేదు. పెద్దవాళ్ల పట్ల ఏ తప్పు చేసినా కాళ్లకు దండం పెడితే అందులోనే అన్నీ వచ్చేస్తాయనుకునేవాళ్లం. నేను ఎందుకు అంతసేపు వంగి ఉన్నానో మా అత్తకు తెలియలేదు, కొత్త పెళ్లికూతురు భక్తిగా దండం పెడుతోందనుకుంది. తన చేతులతోనే దాన్ని చంపానని అనుకుంటూనే ఆమె పోయింది.